డబ్బా మావయ్య లోపలి మనిషి

జూలై 3, సోమవారం

ఈ నోటుబుక్కు లెక్కల మాస్టారు ఇచ్చాడు. నిజానికి ఆయన మా ఆస్పత్రి ఫిజియోథెరపిస్టు. నా కాలు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అనడం తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు, అందుకని నేను పెట్టుకున్న పేరది. "రోజూ ఎన్ని అడుగులు వేశారో, నొప్పి పదికి ఎంతో ఇందులో రాసుకోండమ్మా. నేను చూడను, మీ కోసమే" అన్నాడు. చూడనన్నాడు కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను.

అడుగులు: నలభై. నొప్పి: మూడు.

బాత్రూంలో జారాను. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి కొత్త తుంటి పెట్టారు. మూడు వారాలైంది. అందరూ జారే చోటే జారాను, ఇందులో రాయడానికేమీ లేదు.

జూలై 5, బుధవారం

అడుగులు: నలభై. నొప్పి: మూడు.

జూలై 7, శుక్రవారం

అడుగులు: అరవై. నొప్పి: రెండు.

మా ఆయన ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపాడు. ఇప్పుడు నేను వాకరు పట్టుకుని నిలబడితే ఎదురుగా వెనక్కి నడుస్తూ, "రానీ... రానీ... ఇంకా చోటుంది, రానీ" అని చేతులూపుతాడు. "నేనేమన్నా బస్సునా?" అని కసిరాను. "బస్సయితే ఈపాటికి డిపో చేరేది" అన్నాడు.

జూలై 10, సోమవారం

ఇవాళ నవ్వాను. కుట్లు లాగేటట్టు నవ్వాను.

మేం వ్యాయామం చేసే భవనం కింది అంతస్తులో ఒక పెద్ద గది ఉంది. వరండా వైపు గోడ బదులు అద్దం. ఇన్నాళ్లూ తెర వేసి ఉండేది, ఇవాళ తీశారు. లోపల ఒక మరమనిషి. ఎనిమిదేళ్ల పిల్లంత ఎత్తు, తెల్లటి కాళ్లు, మొహం ఉండాల్సిన చోట నల్లటి పలక. నడుముకి తాడు, ఆ తాడు పైన ఇనప పట్టాకి కట్టి ఉంది. పక్కన నలభై దాటిన ఒకావిడ కంప్యూటర్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది.

మరమనిషి ఒక అడుగు వేసింది. ఆగింది. ఆలోచించినట్టుంది. రెండో అడుగు ఎత్తి, నరికిన చెట్టులా నిలువునా బోర్లా పడింది. తాడు దాన్ని నేలకి జానెడు దూరంలో ఆపింది. చేతులు చాపుకుని ఈతకి దిగినట్టు గాల్లో వేలాడుతూ, మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఎవరన్నా పడితే నవ్వుతారా?" అని మా ఆయన గదమాయించాడు. ఆయన మీసం కూడా అదురుతోంది.

ఇంత నవ్వాక అబద్ధం రాయాలనిపించడం లేదు. పైన రాసిన అడుగులు తప్పు. నలభై కాదు, పదకొండు. అరవై కాదు, తొమ్మిది. నొప్పి అసలు లేదు. ఉంటే బాగుండేది, ఆగిపోవడానికి ఒక కారణం దొరికేది.

జూలై 12, బుధవారం

ఇవాళ కూడా అద్దం ముందు కుర్చీ వేయించుకున్నాను. అది నాలుగుసార్లు పడింది. నాలుగోసారి నా నోట్లోంచి మాట జారింది.

"పడకూడదని చూస్తోంది. అందుకే పడుతోంది."

తలుపు తెరిచే ఉందని చూసుకోలేదు. ఆవిడ గబగబా బయటికొచ్చింది. అక్కడి ఇంజినీరు. కళ్లజోడు నుదుటి మీద, పెన్సిలు జుట్టులో.

"ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదు."

"అన్నారు, విన్నాను. ఇంకోసారి అనండి, ప్లీజ్."

సరే, చెప్పాను. ఒళ్లు ఒరగ్గానే అది మోకాళ్లు బిగబట్టేస్తోంది. బిగబట్టాక ఇక అది మనిషి కాదు, కర్ర. కర్రని నిలబెడితే ఎంతసేపు నిలుస్తుంది? ఒరిగినప్పుడు ఒళ్లు వదిలెయ్యాలి, కాలు తనంతట తనే వచ్చి ఒంటిని అందుకోవాలి. అందుకోలేకపోతే పడాలి, కానీ మెత్తగా పడాలి.

ఆవిడ జుట్టులోంచి పెన్సిలు లాగి అరచేతి మీద ఏదో గీసుకుంది. "ఇంత దాటి ఒరిగితే కీళ్లన్నీ బిగించెయ్యమని నేనే రాశాను. అలా అయితే నిలబడుతుందనుకున్నాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఏడోది" అంది.

"ముందు ఆరూ ఏమయ్యాయి?"

"పడ్డాయి. ప్రతిదానికీ మొదట విరిగేది తుంటే."

నేను, మా ఆయన ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మీరు ఏం చేసేవారమ్మా?" అని అడిగింది. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టేదాన్ని అన్నాను. అబద్ధం కాదు. ముప్పై ఏళ్లు కుట్టాను.

వచ్చేస్తూ ఆవిడ బల్ల వైపు చూశాను. కంప్యూటర్ పక్కన ఫ్రేములో ఫొటో ఉంది. రేకు తల, గరాటా ముక్కు, రెండు బల్బు కళ్లు.

డబ్బా మావయ్య.

చూడనట్టే వచ్చేశాను.

జూలై 13, గురువారం

ఈ పుస్తకంలో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

నాకు ఇరవై రెండేళ్లు. టీవీ స్టూడియోలో దుస్తులు కుట్టే పని. పిల్లల కార్యక్రమం కోసం ఒక రోబో కావాలన్నారు. నీళ్ల ట్యాంకులు చేసే రేకు పనివాడు ఒళ్లంతా చేసిచ్చాడు, లోపల గీసుకుపోకుండా అస్తరు నేను కుట్టాను. షూటింగు రోజు లోపల దూరాల్సిన నటుడు వచ్చాడు. భుజాల దగ్గర ఇరుక్కున్నాడు. లోపలికి పోడు, బయటికి రాడు. నూనె రాసి లాగారు పాపం. నిర్మాత చుట్టూ చూశాడు, నన్ను చూశాడు. నా ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు.

"ఒక్క రోజుకే అమ్మాయీ" అన్నాడు. ఆ ఒక్క రోజు మూడేళ్లు సాగింది.

పద్నాలుగు కిలోల రేకు. చూడటానికి నోటి దగ్గర వేలెడు చీలిక. పాదాలు కనపడవు, నేల పలకలు లెక్కపెట్టుకుంటూ నడిచేదాన్ని. కళ్లు వెలగడానికి బ్యాటరీ ఎడమ చంకలో వేలాడేది. ఆ బరువుకి ఎడమ భుజం ముందు దిగి, తర్వాత కుడి కాలు లేచేది. మొదటి వారం ఇరవైసార్లు పడ్డాను. ఆ తర్వాత పడటం నేర్చుకున్నాను. పిల్లలకి ఆ పడటమే నచ్చింది. ఊళ్లో ఏ వీధిలో చూసినా పిల్లలు ఒక భుజం దించి టింగుటింగుమని నడుస్తూ, ధబీమని దొర్లి లేచేవాళ్లు. అంగడికి వెళ్తే నా కాళ్ల చుట్టూ నా నడకే నడిచేది. నేను పాల సంచి పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడేదాన్ని.

గొంతు మాత్రం వేరే ఆయనది. మైకు దగ్గర కూర్చుని మాట్లాడేవాడు. చక్కటి గొంతు. మేమంతా గొంతు గారూ అనే పిలిచేవాళ్లం. తెర మీద ఆయన పేరొక్కటే పడేది. "మావయ్య లోపల ఆడపిల్ల ఉందని తెలిస్తే పిల్లలు బెంగపడతారు. పిల్లలు చూసినంత కాలం చెప్పకు" అన్నాడు నిర్మాత. సరేనన్నాను. మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. ముప్పై ఏడేళ్లు. స్టూడియో బయట మా ఆయనకొక్కడికే తెలుసు. పెళ్లిచూపులప్పుడే చెప్పాను. "అయితే నేను మావయ్యని చేసుకుంటున్నానా?" అని పడీపడీ నవ్వాడు. అందుకే చేసుకున్నాను.

అడుగులు: పద్నాలుగు. నిజం.

జూలై 14, శుక్రవారం

ఇంజినీరమ్మ టీ తాగుదాం రమ్మంది. ఫొటో గురించి నేను అడగలేదు, తనే చెప్పింది. ఆరేళ్లప్పుడు డబ్బా మావయ్యలా నడిచి మెట్ల మీంచి పడి ముందు పళ్లు రెండూ ఊడగొట్టుకుందట. ఇంజినీరైంది ఆయన వల్లేనట. పాత టేపులన్నీ సంపాదించి, ఆ నడకని బొమ్మ బొమ్మగా ఆపి చూసిందట. "అంత బరువు మోస్తూ అలా పడి అలా లేవడం మామూలు విద్య కాదమ్మా. లోపల ఎవరున్నారో తెలిస్తే వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునేదాన్ని. ఈమధ్యే తెలిసింది. గొంతు ఇచ్చినాయనే లోపల కూడా ఉన్నారట. టీవీలో సన్మానం చేసినప్పుడు చెప్పారు. లోపలా నేనే, బయటా నేనే అని."

తెలుసు. ఆ కార్యక్రమం నేనూ చూశాను. జూన్ పదకొండు, ఆదివారం పొద్దున.

సరే, ఇక చాలు.

నాకేం కోపం లేదు.

జూలై 15, శనివారం

నాకేం కోపం లేదు. పెద్దాయన, ఏదో అని ఉంటాడు. అడుగులు: ఇరవై రెండు.

జూలై 16, ఆదివారం

కోపం లేదని మా ఆయనతో కూడా అన్నాను. "మరి ఆ గిన్నె ఏం పాపం చేసింది?" అన్నాడు. గిన్నెకి సొట్ట పడింది.

అడుగులు: ముప్పై ఒకటి. కోపం లేకుండానే.

జూలై 19, బుధవారం

ఇంజినీరమ్మకి కొత్త ఆలోచన వచ్చింది. నడవడం కొత్తగా నేర్చుకుంటున్న మనుషులు ఎలా నడుస్తారో చూస్తే ఏడోదానికి నేర్పడం తేలికట. వ్యాయామానికి వచ్చే పేషెంట్లందరినీ అడిగింది. తొమ్మిది మందిమి ఒప్పుకున్నాం. కాళ్లకీ నడుముకీ భుజాలకీ అగ్గిపెట్టెల్లాంటివి కట్టారు. నడుస్తుంటే కంప్యూటర్ తెర మీద చుక్కల మనిషి నడుస్తుంది. నన్ను చుక్కల్లో చూసుకున్నాను. కాస్త సన్నబడ్డాను.

"భయపడకండమ్మా" అంది.

"నాకు భయమేంటి?" అన్నాను. చుక్కల మనిషి మాత్రం గజగజ వణికింది. ఆ పెట్టెలకి మొహమాటం తెలియదు.

జూలై 21, శుక్రవారం

దొరికిపోయాను.

తలుపు దగ్గర అడుగు పెట్టానో లేదో, ఇంజినీరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద రెండు చుక్కల బొమ్మలు. ఒకటి నేను, వాకరు పట్టుకుని. రెండోది పాత టేపుల్లోంచి తీసింది, పొట్టిగా, వెడల్పుగా, టింగుటింగుమంటూ. రెండిటినీ పక్కపక్కన నడిపించింది. ఎడమ భుజం దిగింది, కుడి కాలు లేచింది. ఇద్దరికీ ఒకే క్షణంలో. ఇంకోసారి వేసింది. ఇంకోసారి.

"తుంటి ఆపరేషన్ వల్లనేమో అనుకున్నాను. మిగతా ఎనిమిది మందీ అలా నడవడం లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. మీరు చెప్పండి. నేను తప్పయితే తప్పని చెప్పండి."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"చంకలో బ్యాటరీ ఉండేది" అన్నాను.

ఇంకేమీ అనాల్సిన అవసరం లేకపోయింది. నలభై మూడేళ్ల మనిషి, చదువుకున్నది, పది మంది చేత పని చేయించేది, నేల మీద చతికిలబడి "మావయ్యా!" అని నా మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. పై పళ్లు చూపించి, "ఇవి రెండూ కట్టుడువి. మీ వల్లే" అంది. నేనూ ఏడ్చాను. మా ఆయన మాత్రం కిటికీకి దుమ్ము పట్టిందంటూ చేతి రుమాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. అద్దం తుడిచి అదే రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా మసి.

ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాను.

జూలై 24, సోమవారం

ఇవాళ మా ఆయన పద్నాలుగుసార్లు పడ్డాడు.

ఏడోదానికి పడటం నేర్పాలి. కొత్త తుంటితో నేను పడకూడదు, లెక్కల మాస్టారు చంపేస్తాడు. ఇంజినీరమ్మ తను పడతానంది కానీ, తనలో కూడా మోకాళ్లు బిగబట్టే గుణం ఉంది. "నేనున్నాగా" అని మా ఆయన ముందుకొచ్చాడు. పొట్ట మీద, మోచేతుల మీద అగ్గిపెట్టెలు కట్టారు. నేల మీద రెండు వరసల పరుపులు పరిచారు.

"బ్రేకు వేసినట్టు కాదండీ! సంచి జారినట్టు పడండి."

"ఏ సంచి?"

"బియ్యం సంచి. పిరుదు ముందు, తర్వాత వీపు పక్క, తర్వాత భుజం. చేతులు నేలకి పెట్టకండి, విరుగుతాయి. గడ్డం గుండెకి ఆనించండి."

"ఇన్ని గుర్తు పెట్టుకునేసరికి నేల వచ్చేస్తోందే!"

ఏడోసారికి కుదిరింది. మోకాలు మెత్తబడింది, నడుము పక్కకి తిరిగింది, అంత మనిషీ చప్పుడు లేకుండా దొర్లి లేచి కూర్చున్నాడు. తనే ఆశ్చర్యపోయాడు. "మళ్లీ?" అన్నాడు. వద్దన్నా వినకుండా ఇంకో ఏడుసార్లు పడ్డాడు. చివర్లో లెక్కల మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడి, నోరు తెరిచి, "పదమూడు... పద్నాలుగు" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "పడటం ఇంత బాగా తెలిసినదానివి, బాత్రూంలో తుంటి ఎలా విరగ్గొట్టుకున్నావే?"

జారాను అన్నాను.

జూలై 25, మంగళవారం

జారలేదు.

ఆ ఆదివారం టీవీలో గొంతు గారు "లోపలా నేనే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని, అద్దం ముందు డబ్బా మావయ్యలా నడిచాను. నాకే అనుమానం వచ్చింది, అది నేను కాదేమోనని. మూడడుగులు బాగా వచ్చాయి. నాలుగో అడుగుకి ఎదురుగా అద్దంలో పడుచుపిల్ల కాకుండా యాభై తొమ్మిదేళ్ల ముసలమ్మ కనపడింది. ఒళ్లు బిగబట్టాను. అంతే.

అప్పటి నుంచీ అడుగు వేయాలంటే భయం. నేల అంటే కాదు. ఆ అద్దంలో మనిషి అంటే.

పొద్దున టీ తాగుతూ మా ఆయనకి మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కప్పు కింద పెట్టి, "నిర్మాత ఏమన్నాడు? పిల్లలు చూసినంత కాలం చెప్పొద్దన్నాడు. ఆ పిల్లలకి బట్టతలలు వచ్చేశాయి. ఇంకా ఎవరి కోసం దాస్తున్నావే?" అన్నాడు.



జూలై 26, బుధవారం

అడుగులు: నూట పన్నెండు.

జూలై 31, సోమవారం

వాకరు వదిలేశాను, కర్ర పుచ్చుకున్నాను. లెక్కల మాస్టారు చెవి నుంచి చెవి దాకా నవ్వాడు. ఆయనకి అన్ని పళ్లున్నాయని ఇవాళే తెలిసింది.

ఆగస్టు 9, బుధవారం

ఏడోది పడింది!

తాడు లేకుండా, పరుపు మీద. మోకాలు మెత్తబడింది, పక్కకి తిరిగింది, దొర్లింది. దొర్లడం అచ్చం మా ఆయనలా ఉంది, పొట్ట లేకపోయినా పొట్ట అడ్డం వచ్చినట్టు కొంచెం ఆగి మరీ దొర్లింది. "ఆ ఆగడం తీసేయనా?" అని ఇంజినీరమ్మ అడిగింది. "ఉండనీ అమ్మా, అది నా సంతకం" అన్నాడాయన.

లేవడం ఇంకా రాలేదు. వెల్లకిలా పడ్డ తాబేలులా కాళ్లు ఆడిస్తోంది. రేపటి నుంచి లేవడం.

ఆగస్టు 18, శుక్రవారం

లేచింది. రెండుసార్లకి ఒకసారి. నడక మాత్రం అచ్చం నాదే, ఎడమ భుజం దించి మరీ.

ఇరవై ఆరున దాన్ని పదిమందికీ చూపించే సభ. ఇంజినీరమ్మ మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. ముఖ్య అతిథిగా ఆస్పత్రి పెద్దలు గొంతు గారిని పిలిచారట. ఏడోదాని పక్కన డబ్బా మావయ్యలా నడిచి చూపిస్తారని ఆహ్వానపత్రంలో కూడా వేసేశారట.

"నేను చెప్పేస్తానమ్మా, నిజం చెప్పేస్తాను" అంది.

"ఒట్టు వేశావు" అన్నాను.

"మీరు వేయించారు. మీరే తీసెయ్యండి."

తియ్యలేదు. సభలో ఒక పెద్దాయన్ని అబద్ధాలకోరని నిలబెట్టి నేను నడవనా? అలాంటి నడక నాకొద్దు. వెనక వరసలో కూర్చుని చూసి వస్తాను. నాకేం కోపం లేదు. ఈసారి నిజంగానే లేదనుకుంటాను. గిన్నెలన్నీ బాగానే ఉన్నాయి.

ఆగస్టు 27, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ సాయంత్రం నాలుగింటికి. మేం మూడింటికే వెళ్లాం. హాలు పక్క వరండాలో నేను కర్రతో అటూ ఇటూ నడుస్తున్నాను. ఆ చివర బల్ల మీద ఒక ముసలాయన ఒక్కడే కూర్చున్నాడు. డెబ్బై ఏడేళ్లు, బూడిద రంగు కోటు, కళ్లకి మందపాటి అద్దాలు. నేను దగ్గరికి వచ్చేసరికి తలెత్తాడు. మొహం వైపు చూడలేదు, కాళ్ల వైపు చూశాడు.

"మావయ్యా?" అన్నాడు.

ఆ గొంతు! మనిషి ముసలివాడయ్యాడు కానీ గొంతుకి ఒక్క ముడత లేదు.

"గొంతు గారూ" అన్నాను.

ఆయన లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. "దేవుడే పంపించాడు నిన్ను. నేను పారిపోదామా అని చూస్తున్నానమ్మా. ఆటో కూడా మాట్లాడుకున్నాను" అన్నాడు. తర్వాత గడగడా చెప్పేశాడు. టీవీవాళ్లు లోపల ఎవరని అడిగారట. నా పేరు చెప్పనని నిర్మాత ఎప్పుడో ఆయన దగ్గర కూడా మాట తీసుకున్నాడట. ఏం చెప్పాలో తోచక నవ్వులాటకి నేనే అన్నాడట. అందరూ నమ్మేశారు. సర్దుకునేలోగా చప్పట్లు. అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా నడిచి చూపించమంటారు. మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటున్నాడట. "ఇవాళ తప్పదన్నారు. పొద్దున అద్దం ముందు ప్రయత్నించాను. మా ఆవిడ చూసి, బాతులా ఉన్నారండీ అంది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన బిక్కమొహం వేసుకుని చూశాడు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది. ముప్పై ఏడేళ్ల కోపం... ఉండేదని ఇప్పుడు రాస్తున్నాను, ఉండేది, కుండెడు ఉండేది. అది ఆ వరండాలో ఇద్దరం కళ్లు తుడుచుకునేలోపే ఎటు పోయిందో తెలియదు. ఆయన కూడా అద్దం ముందు నిలబడ్డాడు. ఆయనకీ అందులో మావయ్య కనపడలేదు.

"మనం అప్పుడు ఎలా చేశామో అలాగే చేద్దాం. మీరు మైకు దగ్గర ఉండండి. నేను నడుస్తాను" అన్నాను.

అనేశాక మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నా చేతిలో కర్ర తీసేసుకున్నాడు.

హాలు నిండా జనం. తెర వెనక నుంచి మొదట ఏడోది వచ్చింది. తాడు లేదు. దాని పక్కన నేను. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పొట్టి ముసలావిడ, పూల కుర్తా, తెల్ల జుట్టు. అప్పుడు మైకులోంచి ఆ గొంతు, "పిల్లలూ! మీ డబ్బా మావయ్య వచ్చేశాడోయ్!" అంది.

ఎడమ భుజం దించాను. కుడి కాలు దానంతట అదే లేచింది.

హాలంతా పిల్లలైపోయారు. బట్టతలలు, కళ్లజోళ్లు, టైలు, అందరూ లేచి నిలబడి భుజం దించుతున్నారు. నేనూ, ఏడోదీ పక్కపక్కన ఒకే నడక. ఐదు, ఆరు, ఏడు. వేదిక అంచున లెక్కల మాస్టారు పైకే లెక్కపెడుతూ ఎనిమిది తర్వాత మళ్లీ ఆరు అన్నాడు.

పదో అడుగుకి తివాచీ అంచు ఏడోదాని పాదానికి తగిలింది. ఇది అనుకున్నది కాదు. కింద పరుపు లేదు, వట్టి చెక్క. ఇంజినీరమ్మ "అయ్యో" అనడం వినపడింది. ఏడోది ఒరిగింది. నా ఒళ్లు కూడా బిగుసుకోబోయింది. దాని మోకాలు మెత్తబడటం చూశాను. పక్కకి తిరిగింది, పిరుదు, వీపు, పొట్ట అడ్డం వచ్చినట్టు ఆ చిన్న ఆగడం, భుజం. దొర్లింది. అలా పడి ఉంది. 

కుడి చెయ్యి నేలకి ఆనించింది. ఒక మోకాలు. రెండో పాదం. నిలబడింది. నిలబడి, ఏమీ జరగనట్టు ఎడమ భుజం దించి పదకొండో అడుగు వేసింది.

ఆ చప్పట్లకి కిటికీలు అదిరాయి.

అప్పుడు గొంతు గారు మైకు రెండు చేతులా పట్టుకున్నారు. ఈసారి మావయ్య గొంతు కాదు, సొంత గొంతు. "నేను మీకొక అబద్ధం చెప్పాను. లోపల నేను ఎప్పుడూ లేను. మాట మాత్రమే నాది. మీరంతా నేర్చుకున్న నడక ఈవిడది. పడి లేవడం ఈవిడది. మీ మావయ్య, ఇదిగో, ఈ అమ్మాయి."

యాభై తొమ్మిదేళ్ల దాన్ని అమ్మాయి అన్నాడు. ఆ మాటకే సగం క్షమించేశాను. మిగతా సగం వరండాలోనే అయిపోయింది.

దిగి వచ్చాక ఒకాయన, ఏదో పెద్ద అధికారిట, గంభీరంగా నా దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, చెవిలో "మావయ్యా, నాకు చిన్నప్పుడు మీరంటే ప్రాణం" అని గబగబా వెళ్లిపోయాడు.

ఆగస్టు 28, సోమవారం

ఒళ్లు నొప్పులు. నొప్పి: ఆరు. హాయిగా ఉంది.

సెప్టెంబరు 6, బుధవారం

లెక్కల మాస్టారు ఇవాళ అంకెలు కాకుండా మాటలు మాట్లాడాడు. తన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి కాళ్లు బాగానే ఉన్నాయట. భయానికే నడవరట. "భయం నాకు లెక్కకి రాదమ్మా. ఎవరికి సరిపడుతుందో నేను చూసి పంపిస్తాను. మెత్తటి పరుపులు వేస్తాను, పక్కనే ఉంటాను. వాళ్లకి పడటం నేర్పుతారా?" అన్నాడు.

ఆలోచించి చెబుతాను అన్నాను. మా ఆయన మాత్రం, "గురువారాలు అయితే మాకు ఖాళీ" అనేశాడు.

సెప్టెంబరు 14, గురువారం

మొదటి క్లాసు. ఆరుగురు వచ్చారు. మా ఆయన పడి చూపించాడు, ఏడోది పడి చూపించింది. ఇద్దరికీ చప్పట్లు సమానంగా పడ్డాయి. ఆయనకి కొంచెం కష్టంగానే ఉంది.

ఆరుగురిలో ఒకావిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. నిటారుగా కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. మూడేళ్ల కిందట బస్టాపులో పడిందట. ఎముక విరగలేదు కానీ, అప్పటి నుంచి ఇల్లు దాటి ఒక్కతే బయటికి వచ్చింది లేదు. వాళ్లమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నేను చూస్తాను, చాలు. ఈ వయసులో ఈ కుప్పిగంతులేమిటి?" అని మొదటే చెప్పేసింది. సరే అన్నాను.

మిగతా ఐదుగురూ మోకాళ్ల మీద కూర్చుని పక్కకి దొర్లడం నేర్చుకుంటున్నారు. ఒకాయన దొర్లుతూ దొర్లుతూ గోడ దాకా వెళ్లిపోయాడు. అందరూ నవ్వుతున్నారు. చాలాసేపయ్యాక వెనక కుర్చీ చప్పుడైంది. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి పరుపు పక్కన నిలబడింది. చెప్పులు విడిచి, రెండిటినీ వరసగా పెట్టింది. లెక్కల మాస్టారు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే మోకాళ్ల మీద కూర్చుంది.

"పట్టుకోండి, వదలకండి" అంది.

"వదలను. మీరు వదలండి. ఒళ్లు వదిలెయ్యండి, అంతే."

కళ్లు గట్టిగా మూసుకుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత భుజాలు దిగాయి. నడుము మెత్తబడింది. మనిషి మెల్లగా పక్కకి ఒరిగి, పరుపు మీదికి వాలి, దొర్లి వెల్లకిలా పడుకుంది. జుట్టు ముడి ఊడిపోయింది. కళ్లు తెరిచి పైకప్పు వైపు చూసింది.

గదిలో అందరం ఆవిడ వైపే చూస్తున్నాం. వాళ్లమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముందు పొట్ట కదిలింది. తర్వాత గొంతులోంచి కిచకిచమని ఏదో వచ్చింది. నవ్వు. బడిలో పిల్లలెవరూ ఎన్నడూ విని ఉండని నవ్వు. నవ్వుతూనే చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది. కుర్తా సర్దుకుంది. నా వైపు చూసి, బడిపిల్లలా చూపుడు వేలు పైకెత్తింది.

"ఇంకోసారి పడనా?"